అచ్చేస్తామన్నారు, ఆన్‌లైన్‌లోంచి తీసేయమన్నారు

ప్రశ్న: నమస్కారమండీ. నాలుగేళ్ళుగా ఒక ఆన్‌లైన్ వేదికలో సీరియల్స్ రాస్తున్నాను. మూడో నవల 82 భాగాలు నడిచి మొన్ననే ముగిసింది. రాత్రి ఒక భాగం పెడితే తెల్లారేసరికి "తరువాయి భాగం ఎప్పుడు?" అంటూ వందల కామెంట్లు ఉండేవి. ఇప్పుడు నాకు రెండు మెయిల్స్ వచ్చాయి. ఒక ప్రచురణ సంస్థ ఈ నవలను పుస్తకంగా వేస్తామని ఆరు పేజీల కాంట్రాక్టు పంపింది. నవలను ఆన్‌లైన్‌లోంచి పూర్తిగా తీసేయాలట, సర్వహక్కులూ వాళ్ళవేనట. రెండో సంస్థ తమ ‘ప్యాకేజీ’కి డబ్బు కడితే ఆరు వారాల్లో పుస్తకం చేతిలో పెడతానంటోంది. మా అన్నయ్య సాహిత్యం బాగా చదువుకున్న మనిషి. "ఫోన్లో చదివి మర్చిపోయేది రచనేంటి, అచ్చులో వస్తేనే రచయిత్రివి, ముందు సంతకం పెట్టు" అంటాడు. తోటి ఆన్‌లైన్ రచయితలేమో "ఈ రోజుల్లో పబ్లిషరెందుకు, నువ్వే అమెజాన్‌లో పెట్టుకో, వచ్చేదంతా నీదే" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టమంటారా? నాలుగో నవల మొదలుపెట్టి ఆపేశాను, ఆన్‌లైన్‌లో రాయొచ్చో లేదో తెలీక. నవల నేరుగా ఆ వేదికలోనే టైప్ చేస్తాను, ఒరిజినల్ అక్కడే ఉంది. పబ్లిషర్‌కి ఏం జవాబు రాయాలో కూడా తెలీడం లేదు. నవల లింకు, ఆ రెండు మెయిల్స్, కాంట్రాక్టు కాపీ జతచేస్తున్నాను.
— ఒక సీరియల్ రచయిత్రి

సమాధానం:

మీ కాంట్రాక్టు రెండుసార్లు చదివాను. నవల మొదటి 20 భాగాలు చదివాను. ముందు మీకు నిద్ర పట్టే మాట ఒకటి చెబుతాను. సంతకానికి తొందరేమీ లేదు. 82 భాగాలూ వదలకుండా చదివిన జనం ఉన్న నవల వచ్చే నెలకి పాతబడిపోదు. ‘పది రోజుల్లోగా తెలియజేయగలరు’ అని కాంట్రాక్టుతో వచ్చిన మెయిల్లో ఉంది కదా, ఆ గడువు వాళ్ళ వీలు కోసం పెట్టుకున్నది.

ప్యాకేజీ వాళ్ళ సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. ఆ మెయిల్లో "మా ఎంపిక సంఘం మీ రచనను ఎంపిక చేసింది" అని ఒక వాక్యం, దాని కిందే మీరు కట్టాల్సిన మొత్తం ఉన్నాయి. ఈ రెండూ ఒకే ఉత్తరంలో కనబడితే ఇక చదవక్కర్లేదు. ప్రచురణకర్త అంటే పుస్తకం మీద తన డబ్బు పెట్టేవాడు. మీ డబ్బు తీసుకునేవాడు ముద్రణ సేవలు అమ్మేవాడు. అదీ గౌరవంగా చేసుకోదగ్గ వ్యాపారమే, కాకపోతే మీరు ఎంపికైనట్టు నటించకూడదు. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) చేయించుకోవాలంటే అది చేసేవాళ్ళకి, కవర్ కావాలంటే ఆర్టిస్టుకి, అచ్చుకి ప్రెస్సుకి విడివిడిగా డబ్బిస్తే పనీ తెలుస్తుంది, ఖర్చూ తెలుస్తుంది. ఆ మెయిల్‌కి జవాబు కూడా అక్కర్లేదు.

ఇక అసలు కాంట్రాక్టు. ఈ సంస్థ మీ దగ్గర డబ్బు అడగడం లేదు, అడ్వాన్స్ కొంచెమే అయినా ఇస్తానంటోంది, నవలంతా చదివిన ఆనవాళ్ళు మెయిల్లో ఉన్నాయి. కాబట్టి మోసం అనను. కానీ మూడో క్లాజు మళ్ళీ ఒకసారి చదవండి: "రచనకు సంబంధించి ప్రస్తుతం ఉన్నవి, ఇకపై రాబోయేవి అయిన సర్వహక్కులు, అన్ని రూపాల్లో, అన్ని భాషల్లో, కాపీరైట్ కాలమంతా ప్రచురణకర్తకు చెందును." కాపీరైట్ కాలమంటే ఎంతో తెలుసా? కాపీరైట్ మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ పైన కనీసం 50 ఏళ్ళు. చాలా దేశాల్లో 70 ఏళ్ళు. మీరు రాసిన నవల మీద మీ మనవలక్కూడా మాట చెల్లదన్నమాట. వాళ్ళు వేస్తానంటున్నది ఒక భాషలో ఒక పేపర్‌బ్యాక్. అడుగుతున్నదేమో ఆడియో, ఈబుక్, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్, ఇంకా పుట్టని రూపాలు కూడా. ఇల్లు అద్దెకిమ్మని వచ్చినవాడు దస్తావేజులు అడిగినట్టుంది.

ఇందులో వాళ్ళ దురుద్దేశం ఉందనుకోను. ఇలాంటి కాంట్రాక్టులు చాలావరకు ఎప్పుడో ఎవరో రాసిన నమూనాకి పేర్లు మార్చి పంపేవే. అవతలివాళ్ళు అడగరని ధీమా, అంతే. అడిగితే మారుస్తారు. అడగడమే మనకి సిగ్గు.

సిగ్గుపడి అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను. నా మొదటి పుస్తకం అచ్చయినప్పుడు కాంట్రాక్టులో నా పేరు సరిగ్గా ఉందో లేదో మాత్రం చూసి సంతకం పెట్టాను. వెయ్యి కాపీలు వేశారు. మూడో ఏటికి ఎక్కడా దొరక్కుండా పోయింది. మళ్ళీ వేయమంటే "స్టాకుంది" అన్నారు. వెళ్ళి చూస్తే గోడౌన్లో ఒక మూల నాలుగు కాపీలు, పైది చెదలు పట్టి ఉంది. హక్కులు వెనక్కిమ్మంటే "పుస్తకం అందుబాటులో ఉన్నంతకాలం హక్కులు మావే" అని క్లాజు చూపించారు. ఆ నాలుగు కాపీల పుణ్యమా అని తొమ్మిదేళ్ళు నా పుస్తకాన్ని నేనే ముట్టుకోలేకపోయాను.

సరిగ్గా అదే మాట మీ కాంట్రాక్టులో తొమ్మిదో క్లాజులో ఉంది. నా రోజుల్లో కనీసం చెదలైనా ఆ నాలుగు కాపీలనీ ఎప్పటికో తినేసేవి. ఇప్పుడు ఆ ఆశ కూడా లేదు. ఈబుక్ ఫైలు సర్వర్లో పడి ఉంటే చాలు, పుస్తకం ‘అందుబాటులో’ ఉన్నట్టే. ప్రింట్ ఆన్ డిమాండ్ ఉంటే, అంటే ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో కాపీ అచ్చేసే పద్ధతి ఉంటే, స్టాకే అక్కర్లేదు. ఏడాదికి ఒక్క కాపీ అమ్ముడుపోకపోయినా హక్కు వాళ్ళదే. అందుకే ‘అందుబాటు’ అనే మాటని అంకెల్లోకి మార్పించాలి. వరసగా 12 నెలల్లో ఇన్ని కాపీల కంటే తక్కువ అమ్మితే, రచయిత రాతపూర్వకంగా అడిగిన ఆరు నెలల్లో హక్కులు తిరిగి రావాలి. ఆ ‘ఇన్ని’ ఎన్నో మీరూ వాళ్ళూ మాట్లాడుకోండి. వంద అన్నా పర్వాలేదు, అంకె ఉండాలి.

పదకొండో క్లాజు చిన్నది, చూడకుండా దాటేసి ఉంటారు. "రచయిత తదుపరి రచనను మొదటగా ఈ ప్రచురణకర్తకే చూపవలెను." చూపించడం వరకైతే ఇబ్బంది లేదు. చూసి ఎన్నాళ్ళలో జవాబివ్వాలో రాయలేదు. జవాబివ్వకుండా రెండేళ్ళు కూర్చుంటే మీ నాలుగో నవల రెండేళ్ళు కూర్చుంటుంది. ‘ముప్పై రోజుల్లో’ అని చేర్పించండి, లేదా క్లాజే కొట్టేయించండి.

ఆన్‌లైన్‌లోంచి తీసేయమనడం గురించి వాళ్ళని మరీ తప్పు పట్టలేను. ఉచితంగా దొరికేదాన్ని కొనేదెవరని ఏ వ్యాపారికైనా భయమే. చాలామంది పబ్లిషర్లకి ఆన్‌లైన్‌లో వచ్చిన రచన ‘ఇదివరకే ప్రచురితం’ కిందే లెక్క. మొదటి ప్రచురణ హక్కు అనేది ఒక్కసారే వాడుకోగలిగేది, మీరది మీ పాఠకులకి వాడేశారు. కానీ ఆ భయం ప్రతిసారీ నిజం కాదు. అమెరికన్ రచయిత ఆండీ వెయిర్ తన నవల ‘ది మార్షియన్’ని ముందు తన వెబ్‌సైట్లో అధ్యాయాలుగా ఉచితంగానే పెట్టాడు. చదివేవాళ్ళు లెక్కల్లో, రసాయనశాస్త్రంలో తప్పులు చూపిస్తే దిద్దుకుంటూ పోయాడు. అమెజాన్ ఈబుక్ దుకాణం కిండిల్లో పెట్టమని వాళ్ళే అడిగితే 2011లో అక్కడ వీలైన కనీస ధర 99 సెంట్లకి పెట్టాడు. ఉచితంగా దించుకున్నవాళ్ళ కంటే డబ్బిచ్చి కొన్నవాళ్ళే ఎక్కువని ఆయనే చెప్పుకున్నాడు. 2014లో క్రౌన్ సంస్థ అచ్చేసింది, 2015లో సినిమా వచ్చింది. ఉచితంగా చదివిన వాళ్ళే ఆ పుస్తకానికి మొదటి ప్రచారకులు.

అందుకని మధ్యేమార్గం ఒకటి అడగండి. మొదటి 12 భాగాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి, పన్నెండో భాగం చివర పుస్తకం వివరాలుంటాయి, మిగతా 70 భాగాలూ తీసేస్తారు. ఆ కామెంట్లు మాత్రం పోగొట్టుకోకండి. తీసేసే ముందు ప్రతి భాగం కిందవీ ఫైల్లోకి దించుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ స్నేహితుల మాటకొద్దాం. "వచ్చేదంతా నీదే" అన్నారు. అంతా కాదు. అమెజాన్‌లో సొంతంగా పెట్టుకునే ఈబుక్‌కి రెండు రాయల్టీలు, అంటే అమ్మకంలో రచయితకొచ్చే వాటాలు, ఉన్నాయి, 70 శాతం, 35 శాతం. అమెరికా స్టోర్లో 70 శాతం రావాలంటే ధర 2.99 డాలర్లకీ 9.99 డాలర్లకీ మధ్య ఉండాలి. అందులోనూ ఫైలు బరువుని బట్టి డెలివరీ ఖర్చు కోసుకుంటారు. ఆ హద్దులు దాటితే 35 శాతమే. అయినా మంచి లెక్కే. ఇంగ్లిష్ పెద్ద పబ్లిషర్ల దగ్గర పేపర్‌బ్యాక్ మీద రచయితకి మామూలుగా వచ్చేది వెలలో ఏడెనిమిది శాతం. ఈబుక్ మీద 25 శాతం, అదీ వెలలో కాదు, పబ్లిషర్‌కి చేరినదాంట్లో. డబ్బు చేరే వేగంలో కూడా తేడా ఉంది. అమెజాన్ నెల ముగిసిన 60 రోజులకి వేస్తుంది. పబ్లిషర్ల లెక్కలు సాధారణంగా ఆరునెలలకోసారి. పైగా షాపులు అమ్ముడుపోని కాపీలు తిప్పి పంపిస్తాయి కాబట్టి, ‘వాపసుల కోసం’ అని మొదటి లెక్కలో కొంత పట్టుకుంటారు.

అంకెలు ఇక్కడితో ఆపితే మీ స్నేహితులదే గెలుపు. ఇంకోటి కూడా చూడండి. ఆ తేడా దేనికోసం? పుస్తకం వెల నూరనుకుంటే, అందులో సగం దాకా షాపుకీ పంపిణీదారుకీ పోతుంది. మిగిలినదాంట్లోంచి ఎడిటర్, ప్రూఫులు, కవర్, లేఅవుట్, అచ్చు, గోడౌన్, లారీ. మీ పేరు మీద పందెం కాసిన డబ్బు మునిగితే ఆ నష్టం కూడా అందులోదే. సొంతంగా వేసుకుంటే ఆ పనులేవీ మాయమైపోవు, మీ నెత్తిన పడతాయి. డెబ్బై శాతం ఎక్కువే. కానీ దేనిలో డెబ్బై అన్నది అడగాలి. పది కాపీల మీద డెబ్బై శాతం కంటే వెయ్యి కాపీల మీద ఎనిమిది శాతం ఎక్కువ.

2011 మార్చిలో ఈ విషయం మీద ఇంగ్లిష్ రచయితల లోకం కొట్టుకు చచ్చింది. అమాండా హాకింగ్ అని ఒకావిడ సొంతంగా ఈబుక్స్ పెట్టుకుని లక్షల కాపీలు అమ్మింది. ఆవిడ వెళ్ళి సెయింట్ మార్టిన్స్ ప్రెస్‌తో నాలుగు పుస్తకాలకి సుమారు 20 లక్షల డాలర్లకి సంతకం చేసింది. తను రచయిత్రిగా ఉండాలనుకుంటోందని, వారానికి నలభై గంటలు మెయిల్స్‌కి జవాబులిస్తూ, కవర్లు దిద్దుతూ, ఎడిటర్ల కోసం వెతుక్కుంటూ గడపడం తన వల్ల కాదని చెప్పింది. అదే నెలలో అదే సంస్థ ఇవ్వజూపిన 5 లక్షల డాలర్లు కాదని బ్యారీ ఐస్లర్ అనే థ్రిల్లర్ రచయిత సొంతంగా వేసుకుంటానని ప్రకటించాడు. ఆయన అప్పటికే పేరున్న అచ్చు రచయిత. ఇద్దరూ ఒకే గుమ్మంలో ఎదురుపడ్డారు, ఆవిడ లోపలికి, ఈయన బయటికి. (ఐస్లర్ కొన్ని వారాలకే అమెజాన్ నడిపే ప్రచురణ విభాగంతో కాంట్రాక్టు చేసుకున్నాడు. అప్పట్లో ఆయన్ని జెండాలా ఊపినవాళ్ళు ఈ ముక్క చెప్పరు.) నాకు వాళ్ళిద్దరి కంటే హ్యూ హౌవీ తెలివైనవాడనిపిస్తాడు. ‘వూల్’ అనే తన కథని సొంతంగా పెట్టుకున్నాడు, అది పెద్దదై నవలైంది, తెగ అమ్ముడుపోయింది. పబ్లిషర్లు వచ్చి అన్నీ ఇమ్మంటే ఇవ్వలేదు. చివరికి 2012లో సైమన్ అండ్ షుస్టర్‌కి అచ్చు హక్కులు మాత్రం ఇచ్చి, ఈబుక్ తన దగ్గరే ఉంచుకున్నాడు.

మీరు అడగాల్సిందీ అదే. హౌవీకి ఉన్నంత బలం మీకు లేదు, నిజమే. కానీ అడిగినంత మాత్రాన వచ్చిన అవకాశం పోదు. ‘అచ్చు హక్కులు, ఒక భాష, ఐదేళ్ళు’ అని అడగండి. ఈబుక్ కూడా కావాలని వాళ్ళు పట్టుబడితే ఇవ్వచ్చు, అదే ఐదేళ్ళకి. ఆడియో, అనువాదం, సినిమా మాత్రం మీ దగ్గరే ఉండాలి. వాళ్ళకి వాటిని అమ్మిపెట్టే మనుషులే లేనప్పుడు ఆ హక్కులు వాళ్ళ బీరువాలో ఎందుకు?

అమెజాన్‌లో పెట్టే రోజొస్తే ఒక జాగ్రత్త. ‘కేడీపీ సెలెక్ట్’ అని ఒక టిక్కు పెట్టె కనిపిస్తుంది. అందులో చేరితే మీ పుస్తకం కిండిల్ అన్‌లిమిటెడ్ చందాదారులకి అందుతుంది, వాళ్ళు చదివిన పేజీల లెక్కన డబ్బొస్తుంది. బదులుగా 90 రోజులపాటు ఆ ఈబుక్ డిజిటల్‌గా ఇంకెక్కడా ఉండకూడదు, మీ సొంత వెబ్‌సైట్లో కూడా. సీరియల్ పాత వేదిక మీద అలాగే ఉండగా ఆ టిక్కు పెడితే నియమం తప్పినట్టే. గడువు అయ్యాక దానంతటదే మళ్ళీ మొదలవుతుంది కూడా. మీ స్నేహితుల్లో ఎంతమంది ఆ పేజీ చదివి నొక్కారో కనుక్కోండి.

అన్నయ్య గారి మాట. "అచ్చులో వస్తేనే రచయిత్రి" అన్నారు. ఆయనకి సాహిత్యం తెలుసన్నారు కాబట్టి ఇవి కూడా తెలిసే ఉంటాయి. అమెరికన్ కవి వాల్ట్ విట్మన్ 1855లో తన కవితా సంపుటి ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ సొంత డబ్బుతో వేసుకున్నాడు, కొన్ని పేజీల టైపు తన చేత్తో పేర్చాడు. ఫ్రెంచి రచయిత ప్రూస్ట్ మహానవల మొదటి సంపుటం 1913లో ఆయన ఖర్చుతోనే వచ్చింది. దాన్ని తిరగ్గొట్టిన ప్రచురణ సంస్థ తరఫున రచయిత ఆంద్రే జీద్ తర్వాత క్షమాపణగా ఉత్తరం రాశాడు. ఇంగ్లిష్ పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ తన కుందేలు పిల్ల కథని పబ్లిషర్లు కాదంటే 1901లో 250 కాపీలు తనే వేయించుకుంది. మరుసటేడు ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగుల బొమ్మలతో వేసింది. సొంతంగా వేసుకోవడం ఫోన్లతో పుట్టిన జబ్బేమీ కాదు.

ఈ పట్టీ అన్నయ్య గారికి చూపించండి గానీ, మీరు మాత్రం ఎక్కువ చూడకండి. సొంతంగా వేసుకున్న ప్రతివాడూ ఈ ముగ్గురి పేర్లే చెప్పుకుంటాడు. వాళ్ళలాగే వేసుకుని ఊరూపేరూ లేకుండా పోయినవాళ్ళ పట్టీ ఎవరూ రాసిపెట్టలేదు.

ఆయన కోపంలో నాకు ఒక నిజం వినబడుతోంది. ఆయనకది సరిగ్గా చెప్పడం రాలేదు, అంతే. మీ 20 భాగాల్లో 14 భాగాలు "సుజాత నిర్ఘాంతపోయింది" అనో, ఇంచుమించు అదే అర్థం వచ్చే వాక్యంతోనో ముగిశాయి. తలుపు చప్పుడైంది, సుజాత నిర్ఘాంతపోయింది. ఫోను మోగింది, సుజాత కళ్ళు విప్పార్చింది. ఉత్తరం విప్పింది, సుజాత కాళ్ళ కింద నేల కదిలింది. వారానికి మూడు రాత్రులు చదివేవాళ్ళకి ఇది పనిచేస్తుంది. మధ్యలో ఇల్లూ ఆఫీసూ ఉంటాయి, మర్చిపోతారు, మళ్ళీ ఆత్రపడతారు. అవే 82 భాగాలు కుట్టి పుస్తకం చేస్తే, ఆదివారం మధ్యాహ్నం ఏకబిగిన చదివేవాడికి గంటలో తొమ్మిదిసార్లు నిర్ఘాంతపోయే మనిషి కనిపిస్తుంది. నవ్వొస్తుంది. మీరు నవ్వించాలనుకోని చోట నవ్వొస్తుంది.

ప్రతి భాగం మొదట్లో వెనకటి భాగం గుర్తుచేసే రెండు మూడు వాక్యాలున్నాయి. సీరియల్‌కి అవి కావాలి, పుస్తకానికి కంట్లో నలుసులు. పదిహేడో భాగంలో సుజాత తండ్రి చనిపోయి పదేళ్ళయిందన్నారు. నాలుగో భాగంలో ఆయన ఆమెకి ఫోన్ చేశాడు. దీన్ని నాకంటే ముందు ఒక పాఠకురాలు కామెంట్లో పట్టుకుంది, "నాన్న గారు ఎప్పుడు పోయారండీ, ఫోన్ చేశారుగా?" అని. కామెంట్లు దాచుకోమన్నది ఇందుకే. మీరు ఎడిటర్‌ని పెట్టుకోలేకపోయినా, 82 భాగాల కింద వందలమంది ఉచితంగా ప్రూఫులు చూసి పెట్టారు. ఎక్కడ ఏడ్చారో, ఎక్కడ పేజీలు దాటేశారో, ఎక్కడ కథ మీకంటే ముందే ఊహించేశారో అన్నీ అక్కడున్నాయి. ఏ అచ్చు రచయితకీ ఇంత దొరకదు.

కానీ వాళ్ళు చేయలేని పని ఒకటుంది. వాళ్ళు మీ అభిమానులు. "ఈ నలభై భాగాలూ పన్నెండవ్వాలి" అని ఏ అభిమానీ అనడు. అనేది ఎడిటర్. నా రెండో పుస్తకానికి ఒక ఎడిటర్ దొరికారు. నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న వర్షం పేరా, పేజీన్నర, దానికి అడ్డంగా పెన్సిల్‌తో ఒక గీత గీసి పక్కన "తడిశాం, చాలు" అని రాశారు. రెండు రోజులు ఆయన మీద కారాలు మిరియాలు నూరాను. మూడో రోజు ఆ పేరా తీసి చదివితే, కథ అప్పటిదాకా వాన వెలిసేందుకు ఎదురుచూస్తూ అరుగు మీద కూర్చుని ఉందని తెలిసింది. పబ్లిషర్ దగ్గర నాకు నిజంగా విలువైనదేదని ఎవరడిగినా ఆ పెన్సిల్ గీతే అంటాను. అచ్చు యంత్రం ఎవరికైనా దొరుకుతుంది.

కాబట్టి ఈ సంస్థని అడగాల్సిన మొదటి ప్రశ్న రాయల్టీ ఎంత అని కాదు. "ఎడిట్ ఎవరు చేస్తారు? ఒక అధ్యాయం ఎడిట్ చేసి చూపిస్తారా?" అని అడగండి. గీతలతో నిండిన అధ్యాయం వెనక్కొస్తే, మనసు చివుక్కుమన్నా, వాళ్ళతో కాస్త తగ్గి మాట్లాడినా నష్టం లేదు. "మీ రచన అద్భుతం, ఒక్క అక్షరం మార్చం, యథాతథంగా వేస్తాం" అంటే అది మెచ్చుకోలు కాదు, వాళ్ళ దగ్గర ఎడిటర్ లేరని అర్థం. అప్పుడు వాళ్ళు మీకిచ్చేది మీ అంతట మీరు కొనుక్కోగలిగిన అచ్చుపనే. దానికి సర్వహక్కులు ఇవ్వక్కర్లేదు. ఆ అడ్వాన్స్ కంటే ఎక్కువే ఖర్చయినా సరే, ఒక మంచి ఎడిటర్‌కి మీరే డబ్బిచ్చి చేయించుకుని సొంతంగా వేసుకోండి.

నాలుగో నవల ఆపొద్దు. సంతకం పెట్టనంతవరకు పదకొండో క్లాజు మిమ్మల్ని పట్టుకోలేదు. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, ఎక్కడా రిజిస్టర్ చేయించాల్సిన పని లేదు, అదీ ఆ బెర్న్ ఒప్పందం ఇచ్చినదే. ఆన్‌లైన్‌లోనే రాయండి, మీకు ఆ ఊపు అలవాటు. ఒక్కటి మార్చుకోండి. ఇప్పుడు మీ నవల ఒరిజినల్ ఆ వేదిక మీదే ఉందని, నేరుగా అందులోనే టైప్ చేస్తారని రాశారు. అది చదివి నేనూ సుజాతలాగే అయిపోయాను. సీరియల్స్ కోసం అమెజాన్ 2021లో కిండిల్ వెల్లా అని మొదలుపెట్టి 2025 ఫిబ్రవరిలో మూసేసింది. అంత పెద్ద సంస్థే నాలుగేళ్ళు తిరక్కుండా దుకాణం కట్టేసింది. ముందు మీ సొంత ఫైల్లో రాసుకుని, అక్కడి నుంచి వేదికలో పెట్టండి. పాత మూడు నవలలూ ఈ వారంలోనే దించుకుని రెండు చోట్ల దాచండి. ఆ వేదిక నియమాల పేజీలో మీరు దానికిచ్చిన హక్కులేంటో కూడా చదవండి. చేరేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కి ఉంటారు, అదీ ఒక కాంట్రాక్టే. పైసా ఇవ్వకుండా హక్కులు రాయించుకునే వేదికలూ ఉన్నాయి. మీరు నాలుగేళ్ళ క్రితమే వాళ్ళకిచ్చేసిన హక్కుని ఇప్పుడు పబ్లిషర్‌కి అమ్మలేరు. ఇది తేలాకే సంతకం.

ఇంకోటి, మీ పాఠకుల మెయిల్ అడ్రసులు మీ దగ్గర లేవు, వేదిక దగ్గరున్నాయి. కొత్త నవల మొదటి భాగం చివర, పుస్తకం వచ్చినప్పుడు కబురు కావాలంటే మెయిల్ ఇవ్వమని అడగండి. వందలో పదిమంది ఇచ్చినా, ఆ పదిమందే రేపు ఏ దారిలో వెళ్ళినా మీ వెంట వస్తారు.

పబ్లిషర్‌కి ఏం రాయాలో తెలీదన్నారు కదా. ఇలా రాయండి, మర్యాదగా, క్లుప్తంగా:

"మీ ప్రతిపాదన సంతోషం కలిగించింది. కాంట్రాక్టు చదివాను. మూడో క్లాజును ఒక భాషలో అచ్చు హక్కులకు, ఐదేళ్ళకు పరిమితం చేయగలరా? తొమ్మిదో క్లాజులో ‘అందుబాటు’ అన్నదాన్ని ఏడాది అమ్మకాల సంఖ్యతో నిర్వచించగలరా? పదకొండో క్లాజులో జవాబుకు ముప్పై రోజుల గడువు చేర్చగలరా? మొదటి 12 భాగాలు ఆన్‌లైన్‌లో ఉంచి మిగతావి తీసివేయడానికి నాకు అభ్యంతరం లేదు. ఎడిటింగ్ ఎవరు చేస్తారో తెలిపి, ఏదైనా ఒక అధ్యాయం ఎడిట్ చేసి పంపితే చూసి మాట్లాడుకుందాం."

పంపేముందు అన్నయ్య గారికి ఒకసారి చదివి వినిపించండి, భాషలో తప్పులుంటే దిద్దుతారు. జవాబొస్తే నాకూ పంపండి. ముఖ్యంగా ఆ ఎడిట్ చేసిన అధ్యాయం.